కాళ్ళల్లో వుంది బేరం

బేరమాడే విద్య నోటికి సంబంధించిందని చాలామంది అనుకుంటారు. కాదు. అది కాళ్ళకు సంబంధించింది. చీరల దుకాణంలో మా ఆవిడ బేరమాడే పద్ధతి పద్ధెనిమిదేళ్ళుగా పక్కన కూర్చుని చూస్తున్నవాణ్ణి కనుక ఈ మాట ధైర్యంగా చెబుతున్నాను. అరగంటసేపు ఆవిడ ఎంత వాదించినా దుకాణదారు చిరునవ్వు చెక్కుచెదరదు. "గిట్టదమ్మా" అన్న ఒక్క ముక్క తప్ప ఇంకేమీ అనడు. చివరికి ఆవిడ చీర అక్కడ పెట్టేసి, "పదండి" అని నాతో చెప్పి, మెట్లు దిగుతుంది. రెండో మెట్టుమీద కాలు పడేసరికి వెనకనుంచి కేక వస్తుంది: "రండమ్మా, రండి! ఇంతకీ మీరెంతకిస్తారో చెప్పండి!"

అరగంట వాదనకు లొంగనివాడు రెండడుగులకు లొంగుతాడు. బేరానికి కావలసింది మాట నేర్పు కాదు, వెళ్ళిపోగలగడం. నేను ఒంగోలులో ఒక కళాశాలలో తెలుగు చెప్పుకు బతికేవాణ్ణి; మాటమీద నాకు గౌరవం లేకపోలేదు. కాని తిక్కనగారి ఉద్యోగపర్వం చెప్పే ప్రతి ఏడూ పిల్లలతో అంటూనే వుంటాను: శ్రీకృష్ణుడంతటి మాటకారి రాయబారం వెళ్ళినా పని కాలేదు సుమా, అని.

చీరల దుకాణానికి మెట్లున్నాయి. మరి సెల్ ఫోను కంపెనీకి? అక్కడ దుకాణదారు కనబడడు, సరుకు కనబడదు, నెలనెలా బిల్లు మాత్రం కనబడుతుంది. అటువంటి చోట మెట్లు దిగడం ఎలా?

కొంచెం వెనక్కి వెళ్ళి చెప్పాలి. 1995 జూలై 31న కలకత్తానుంచి ఆనాటి బెంగాలు ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడటంతో మన దేశంలో సెల్ ఫోను ముచ్చట మొదలైంది. ఆ రోజుల్లో ఫోను చేసినవాడూ డబ్బు కట్టేవాడు, అందుకున్నవాడూ కట్టేవాడు. అందుకున్నవాడికి 2003లో గాని విముక్తి కలగలేదు. ఆ మరుసటి ఏడు, అంటే 2004లో, నాకు మొదటి ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో ఒక సెల్ ఫోను కొన్నాను.

మా ఊరు మార్కాపురం దాటి నల్లమల అంచున వుంటుంది. నా నంబరు చెప్పగానే నాన్నగారు కాగితం వెతుక్కోలేదు. బొగ్గు ముక్క తీసుకుని వాకిలి పక్క గోడమీద పది అంకెలూ బెత్తెడేసి చొప్పున రాసేశారు. "కాగితమైతే పోతుందిరా, గోడ ఎక్కడికీ పోదు" అన్నారు. ఆయన 2014లో పోయారు. ఇంటికి సున్నం వేయించిన ప్రతిసారీ మా అమ్మ దగ్గర నిలబడి ఆ మేర వదిలేయిస్తుంది. గోడంతా తెల్లగా, నడుమ నా నంబరు నల్లగా ఇప్పటికీ వుంది.

మొదట్లో కంపెనీ మారాలంటే నంబరు వదులుకోవలసి వచ్చేది. బంధువులు, బ్యాంకు, కళాశాల, పాత శిష్యులు అందరికీ కొత్త నంబరు చెప్పుకోవాలి. ఆ బాధకు జడిసి జనం పెంచిన ధరే కట్టేవారు. గోడమీది అంకెలు రాసింది మా నాన్నగారే అయినా, వాటి పగ్గం కంపెనీ చేతిలో వుండేది.

ఆ పగ్గం తెంచింది ఒక నిబంధన. నంబరు మారకుండానే కంపెనీ మారవచ్చునన్న పద్ధతి 2010 నవంబరులో హర్యానాలో మొదలై, 2011 జనవరి 20నుంచి దేశమంతటికీ వచ్చింది. దుకాణానికి మెట్లు కట్టిన రోజు అదే.

ఇక నా కథ. 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు మూడూ ఒక్కసారే ధరలు పెంచాయి. ప్రభుత్వరంగ సంస్థ మాత్రం అప్పుడు పెంచలేదు. 399 రూపాయలుండే నా పోస్ట్‌పెయిడ్ పథకం 449 అయింది. దానిపైన నూటికి 18 చొప్పున పన్ను. వెరసి 529 రూపాయల 82 పైసలు. కంపెనీకి ఫోను చేశాను. ఒక అమ్మాయి పలికింది.

"అమ్మా, ఇరవై ఏళ్ళనుంచి మీ ఖాతాదారుణ్ణి. ఒక్క నెలైనా బిల్లు ఆలస్యం చెయ్యలేదు. పెంచిన యాభై తగ్గించే వీలుంటుందా?"

"మీవంటి ఖాతాదారులుండటం మా అదృష్టం సార్."

"అయితే తగ్గిస్తారా?"

"వీలుకాదు సార్. ఇంకేమైనా సహాయం కావాలా సార్?"

ఆ "ఇంకేమైనా" అన్న మాటలో అంతకు ముందేదో సహాయం జరిగిపోయినట్టు ఒక ధ్వని వుంది. ఆ అమ్మాయిని అని లాభం లేదు. రాసిచ్చిన మాటలు చదివే ఉద్యోగం ఆమెది. పక్కనే కూరగాయలు తరుగుతున్న మా ఆవిడ అంతా విని, "మీరు దుకాణంలో కూర్చునే వాదిస్తున్నారు. లేచి మెట్లు దిగండి" అంది.

దిగేముందు మెట్లున్నాయో లేవో చూసుకోవాలి. వెళ్ళే చోటు లేకుండా వెళ్ళిపోతాననేవాడి మాటలో పస వుండదు. పక్క వాటాలో వాళ్ళ అబ్బాయి వాడేది వేరే కంపెనీ. ఆ ఫోను ఒక పూట అడిగి తీసుకుని, మా వంటింట్లో, పెరట్లో, కళాశాలలో నా తరగతి గదిలో సిగ్నలు ఎలా వుందో చూశాను. బాగానే వుంది. పాత బిల్లు బాకీ లేకుండా కట్టేశాను. ఎందుకంటే బాకీ వున్నవాడికి మారే హక్కు లేదు. ఆ కంపెనీలో తొంభై రోజులు నిండనివాడికీ లేదు. అప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో పోర్ట్ అని కొట్టి, కొంచెం ఖాళీ వదిలి, నా పది అంకెలూ కొట్టి, 1900కి మెసేజి పంపాను. కాసేపట్లో ఎనిమిది అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక సంకేతం వచ్చింది. మన ప్రాంతంలో దానికి నాలుగు రోజుల ఆయువు. ఈలోగా దాన్ని కొత్త కంపెనీవాడి చేతిలో పెడితే, ఒకే సర్కిలు లోపలైతే మూడు పనిదినాల్లో మార్పు జరిగిపోవాలని 2019 డిసెంబరునుంచి నియమం.

మర్నాడు పదకొండు గంటలకు స్టాఫ్ రూములో వుండగా ఫోను మోగింది. ఈసారి ఒక కుర్రవాడు, చక్కని తెలుగు.

"సార్, మీరు మమ్మల్ని వదిలి వెళ్ళిపోతున్నారని తెలిసి బాధగా వుంది."

"నాకూ బాధగానే వుంది నాయనా. ఇరవై ఏళ్ళ సంబంధం."

"మీకోసం నెలకు పది జీబీల డేటా అదనంగా ఇప్పిస్తాను సార్."

"వున్నదే ఖర్చు కావటం లేదు. కడుపు నిండినవాడికి రెండో విస్తరి ఎందుకు?"

"పోనీ, మూడు నెలలపాటు నెలకు యాభై తగ్గిస్తాం."

నేను మాట్లాడలేదు. మా ఆవిడ రెండో మెట్టుమీద వెనక్కి తిరిగి చూడదు. ఆ సంగతి గుర్తుంది నాకు. అవతల టకటకమని మీటల చప్పుడు వినిపించింది.

"సార్, ఆరు నెలలు, నెలకు వంద. ఇంతకంటే నా చేతిలో లేదు సార్."

అతని గొంతులో నిజం వినిపించింది. "సరే నాయనా, ఆ మాట మెసేజిలో పంపించు. ఎప్పటినుంచి ఎప్పటివరకో తేదీలు వుండాలి" అన్నాను. వచ్చింది. సంకేతం దాని మానాన అది చచ్చిపోయింది. పన్నుతో కలిపి నెలకు 118 రూపాయలు, ఆరు నెలలకు 708 మిగులు. వెళ్ళిపోతామన్న మాట నెమ్మదిగా చెప్పాలి, నిజంగా వెళ్ళగలిగి చెప్పాలి, ఇచ్చిన మాట రాతలో తీసుకోవాలి. ఈ విద్యలో వున్నదంతా ఇంతే.

నా పక్క కుర్చీలో వుండే చరిత్ర మాస్టారు ఈ సంభాషణంతా విన్నారు. ఆయనదీ అదే కంపెనీ, అదే పథకం. పైగా నాకంటే ఒక ఏడు పాత ఖాతాదారు. "మాస్టారూ, మీరూ ఒక మెసేజి కొట్టండి" అన్నాను. ఆయన చెయ్యి వూపేశారు. "నాకు మొహమాటమండీ. ఆ ఫోనుకే బ్యాంకు ఓటీపీలు వస్తాయి. మధ్యలో ఏదైనా ఆగిపోతే ఎవరు తిరుగుతారు?" ఆయన భయం తీసిపారేయదగ్గది కాదు. ఆ నెల ఆయన 449 మీదా పన్ను కట్టారు, నేను 349 మీద కట్టాను. అదే టవరు, అదే గాలి, అదే మాట. తేడా అంతా నేను గుమ్మంలో నిలబడటంలో వుంది, ఆయన లోపల కూర్చోవటంలో వుంది. పంక్తిలో బుద్ధిగా కూర్చున్నవాడికి చారు, లేచిపోతానన్నవాడికి నెయ్యి!

ఈ తేడా పెద్దల దృష్టికీ వెళ్ళింది. కొందరికే చెవిలో చెప్పి ఇచ్చే ఇటువంటి ధరల వివరాలు తనకు తెలపాలని నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో ఆదేశించింది. కంపెనీలు వ్యాజ్యానికి వెళ్ళాయి. ఆ వివరాలు ట్రాయ్‌కి ఇవ్వవలసిందేనని 2020 నవంబరులో సుప్రీం కోర్టు చెప్పింది. చీరల దుకాణంలో ఎవరి బేరం వారిదే. కాని దేశమంతా వాడే సరుకు విషయంలో ఎవరికెంతకు అమ్ముతున్నారో ఒకరైనా లెక్క చూడాలి కదా.

ఆ దసరా సెలవులకు ఊరు వెళ్ళాను. మా అమ్మది మీటల ఫోను. 28 రోజులకు 199 రూపాయల చొప్పున నేనే వేయిస్తుంటాను. నెలకు 28 రోజులనే లెక్కలో ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు సార్లు వేయించాలి: 2587 రూపాయలు. అందులో డేటా కూడా కలిసే వుంటుంది. ఆ ఫోనులో దానికి పనే లేదు. చెవిటివాని ముందు శంఖం. నా విజయగాథంతా చెప్పి, "వెళ్ళిపోతామంటే తగ్గిస్తారమ్మా" అన్నాను.

ఆవిడ చేటలో బియ్యం చెరుగుతూ, "నేనెక్కడికి పోతాను నాయనా? ఇక్కడ ఇంకో టవరేదీ?" అంది.

నిజమే. మా ఊళ్ళో పలికేది ఒక్క కంపెనీయే. వ్యాకరణంలో చేదర్థకమని ఒకటుంది. "వానలు కురిస్తే పంటలు పండుతాయి" అన్నదాంట్లో "కురిస్తే" చేదర్థకం. బేరమంతా చేదర్థకమే: తగ్గించకపోతే వెళ్ళిపోతాను. దాని పక్కనే అప్యర్థకమని ఇంకొకటుంది. "వానలు కురిసినా పంటలు పండలేదు." మా అమ్మది అప్యర్థకం. ధర పెంచినా వెళ్ళలేదు. చేదర్థకంలో మాట్లాడగలిగే అదృష్టం దేశంలో అందరికీ లేదు. ఊళ్ళలో సంగతే కాదు, పట్టణాల్లోనూ ఒకప్పుడు పది పన్నెండు కంపెనీలుండేవి. ఇప్పుడు ప్రైవేటువి మూడు, ప్రభుత్వానిది ఒకటి. మూడు దుకాణాలూ ఒకే వారంలో ధర పెంచితే, మెట్లు దిగి ఎక్కేది పక్క దుకాణం మెట్లే.

ఆ 2024 డిసెంబరులో ట్రాయ్ ఒక సవరణ తెచ్చింది. డేటా అక్కరలేనివారికి మాటలకూ మెసేజిలకూ మాత్రమే పనికివచ్చే పథకాలు ప్రతి కంపెనీ విధిగా పెట్టాలనీ, వాటి గడువు 365 రోజులవరకూ వుండవచ్చుననీ దాని సారాంశం. మరుసటి నెలలోనే అవి వచ్చాయి. 2025 ఫిబ్రవరిలో అమ్మకు 1849 రూపాయలతో ఏడాదికి సరిపడా వేయించాను. సరిగ్గా అప్పటికే నా ఆరు నెలల రాయితీ గడువు తీరి, బిల్లు మళ్ళీ 449 దగ్గరికి వచ్చింది.

ఒక కాగితంమీద రెండు లెక్కలూ పక్కపక్కన వేశాను. రెండు ఫోన్లు, ఒక మెసేజి, ఒక మౌనవ్రతం ఖర్చుపెట్టి నేను మిగుల్చుకున్నది 708. ఎవరితోనూ ఒక్క మాట అనకుండా, ఎక్కడికీ పోలేని మా అమ్మకు మిగిలినది 738. నాది ఆరు నెలలకొకసారి మళ్ళీ గుమ్మంలోకి వెళ్ళి నిలబడి తెచ్చుకోవలసింది. ఆవిడది, ఆవిడవంటి మీటల ఫోను వున్న ప్రతి ముసలమ్మకూ వచ్చింది.

ఆ మాటకొస్తే నా బెదిరింపుకున్న బలం కూడా నాది కాదు. 2011నాటి నిబంధన లేకపోతే ఆ కుర్రవాడు నాకు ఫోను చేసేవాడే కాదు. చవక రీచార్జీలు కొన్నింటిలో మెసేజి పంపే వీలే వుండేది కాదు, 1900కి సైతం. ఏ రీచార్జి వేసుకున్నవాడికైనా ఆ ఒక్క మెసేజి వెళ్ళితీరాలని 2021 డిసెంబరులో ట్రాయ్ ఆదేశిస్తేగాని పేదవాడికి మెట్టు దక్కలేదు.

కనుక చదువరులకు నా మనవి రెండు ముక్కలు. బేరమాడండి, అడగందే అమ్మయినా పెట్టదంటారు, కంపెనీ అసలే పెట్టదు. అలాగే ట్రాయ్ నిబంధనలు చేసేముందు చర్చాపత్రాలు ప్రకటించి మన అభిప్రాయం అడుగుతుంది. బేరానికి వెచ్చించే పూటలో ఒక గంట దానికీ కేటాయించి, మొహమాటపడే మాస్టారి తరఫునా, ఒక్క టవరున్న ఊళ్ళో అమ్మ తరఫునా నాలుగు వాక్యాలు రాయండి. బేరం ఒక విస్తరిలో నెయ్యి. నిబంధన పంక్తి అంతటికీ అన్నం.