తగ్గి ఊదే ట్రంపెట్

ట్రంపెట్‌కి అణకువ అంటే గిట్టదు. ఆర్కెస్ట్రాలో ఎనభైమంది ఉన్నా దాని గొంతు విడిగా వినబడుతుంది. దండు కదలాలన్నా, రాజుగారు దయచేస్తున్నారని ఊరికి తెలియాలన్నా పూర్వం దాన్నే ఊదేవారు. బైబిల్లో అయితే సరేసరి. యెరికో గోడలు కూలింది బూరల మోతకి, చనిపోయినవాళ్లు లేచేది కడబూర మోగాక. అంత ఆర్భాటమైన వాయిద్యాన్ని తెచ్చి, పాపిని చేరదీయమని వేడుకునే పాటలు వాయించమనడం విడ్డూరమే. అయినా వెనక ఆర్కెస్ట్రా పెట్టుకుని ట్రంపెట్ మీద పలికించిన పాత క్రైస్తవ కీర్తనల రికార్డులంటే నాకు మహా ఇష్టం. కొన్ని గుండెని పట్టుకుంటాయి, కొన్ని చెవులు మూసుకునేలా చేస్తాయి. వినగా వినగా నాకు తోచింది ఒకటే: తగ్గడం తెలిసిన ట్రంపెటే కీర్తన పాడగలదు.

ఈ జోడీ కొత్తదేం కాదు. జర్మన్ సంగీతకర్త బాఖ్ 1723లో లైప్‌జిగ్‌లో వినిపించిన 147వ కాంటాటా అనే చర్చి గానకృతిలో ఒక కీర్తన ఉంది. ‘జీసు, జాయ్ ఆఫ్ మ్యాన్స్ డిజైరింగ్’ అనే ఇంగ్లీషు పేరుతో ఇవాళ చర్చి పెళ్లిళ్లలో వినబడేది అదే. వయొలిన్లు మూడేసి స్వరాల గుత్తులతో ఆగకుండా సాగిపోతుంటే, గాయకులు నిదానంగా కీర్తన అందుకుంటారు. వాళ్ల గొంతుకి తోడుగా బాఖ్ పెట్టింది ట్రంపెట్‌నే. సొంత గొప్పలేం లేవు, వాళ్లు ఏది పాడితే తానూ అదే. ఆ రోజుల్లో లైప్‌జిగ్ వాయిద్యకారులకి పెద్ద గాట్‌ఫ్రీడ్ రైఖె. పురమందిరం బురుజెక్కి ఊరికి వాద్యం వినిపించడం వాళ్ల ఉద్యోగంలో భాగం. 1734 అక్టోబరులో రాజుగారి ముందు దివిటీల పొగలో ట్రంపెట్ ఊదిన ఆయన, మర్నాడు వీధిలో కుప్పకూలి చనిపోయాడు. ఆ వాయిద్యం మనిషి దగ్గర ఎంత ఊపిరి వసూలు చేస్తుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

అప్పటి మామూలు ట్రంపెట్‌కి పిస్టన్లు లేవు. పెదాల బిగింపే ఆధారం. పై స్థాయిలో స్వరాలు దగ్గరదగ్గరగా దొరుకుతాయి గానీ, కిందికి దిగితే మధ్యలో పెద్ద పెద్ద ఖాళీలు. పాట పలకాలంటే పైనే ఉండాలి, లేదా గొట్టం జరుపుతూ ఊదే రకం పట్టుకోవాలి. 1818లో బెర్లిన్‌లో వాల్వుకి పేటెంటు వచ్చాక ఈ ఇబ్బంది తీరే దారి దొరికింది. వేలితో నొక్కితే గొట్టం పొడవు మారుతుంది. మామూలు మనిషి పాడే స్థాయిలోనే అన్ని స్వరాలూ పలుకుతాయి. ట్రంపెట్ మేడ దిగి సంఘంలో కూర్చోగలిగింది ఆ తర్వాతే.

దాని తోబుట్టువు కార్నెట్‌ని వీధిలోకి తెచ్చింది సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ. 1878లో ఇంగ్లండులోని సాల్స్‌బరీలో వాళ్ల వీధి ప్రసంగాల మీద అల్లరిమూకలు పడుతుంటే, ఇళ్లు కట్టే చార్లెస్ ఫ్రై, ఆయన ముగ్గురు కొడుకులు అడ్డం నిలబడ్డారు. వస్తూ వస్తూ తమ వాయిద్యాలు వెంట తెచ్చుకున్నారు. ఆ సంస్థ బ్యాండ్లకి అదే మొదలు. అదే సంప్రదాయంలో తండ్రి దగ్గర కార్నెట్ నేర్చుకున్న ఫిలిప్ స్మిత్, 1988 నుంచి 2014 దాకా న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌లో ప్రధాన ట్రంపెట్ వాద్యకారుడిగా ఉన్నాడు. ఆ సంప్రదాయం నేర్పేది ఇదే: పాట మాటలు తెలిసినవాడు ఊదడం వేరు, నొటేషన్ చూసి ఊదడం వేరు.

‘అమేజింగ్ గ్రేస్’నే తీసుకోండి. మాటలు జాన్ న్యూటన్‌వి, 1779లో అచ్చయ్యాయి. ఇప్పుడు మనం వినే బాణీని వాటికి జతచేసింది అమెరికాలో విలియం వాకర్, 1835లో. బాణీలో ఉన్నవి అయిదే స్వరాలు, అవీ మన మోహన రాగం స్వరాలే. తెలుగు చెవికి అది పరాయిగా అనిపించకపోవడంలో వింత లేదు. రికార్డుల్లో ఇది నడిచే తీరు దాదాపు ఒకటే. మొదటి చరణం ట్రంపెట్ ఒంటరిగా. రెండో చరణానికి వయొలిన్లు కిందనుంచి మెల్లగా చేరతాయి. ఆ తర్వాత కాసేపు ఫ్లూట్లకి అప్పగించి ట్రంపెట్ ఊరుకుంటుంది. చివరి చరణానికి శ్రుతి ఒక మెట్టు పెంచి, డ్రమ్ములు మోగించి, పై స్వరం మీద నిలబెట్టేస్తారు. చాలా రికార్డులు చెడేది సరిగ్గా ఇక్కడే. అప్పటిదాకా దేవుడితో మాట్లాడుతున్నవాడు ఉన్నట్టుండి జనం వైపు తిరిగినట్టుంటుంది. మొదటి చరణం ఎలా ఉందో చూడండి: పాడేవాళ్లు ఊపిరి తీసుకునే చోటే ట్రంపెట్టూ ఆగుతుంది. మైకు దగ్గరగా ఉంటే ఆ ఊపిరి చప్పుడూ వినిపిస్తుంది. దాన్ని తుడిచేయని రికార్డు నా దృష్టిలో నిజాయితీగల రికార్డు.

గాంధీగారికి ఇష్టమైన ‘అబైడ్ విత్ మీ’ కీర్తనని ఢిల్లీలో బీటింగ్ రిట్రీట్ అనే సైనిక వేడుకలో సైనిక బ్యాండ్లు ఏళ్ల తరబడి వాయించాయి. 2022లో తీసేశారు. ఒక్క మాట పాడకపోయినా, చర్చి గడప తొక్కనివాళ్లకి కూడా ఆ బాణీ గుర్తుండిపోయింది. ఫీట్లు చేయకుండా నిదానంగా వాయించారు గనకే అది సాధ్యమైంది.

మన సంఘాల్లోనూ, బ్యాండు మేళాల్లోనూ ట్రంపెట్ పట్టిన కుర్రాళ్లకి ఒక్క మాట. వాయించబోయే కీర్తనని ముందు నోటితో పాడండి. ఊపిరి ఎక్కడ తీసుకున్నారో ట్రంపెట్‌తోనూ అక్కడే తీసుకోండి. చివరి చరణంలో పైకి వెళ్లాలని చెయ్యి దురద పెడితే, వెనక బెంచీలో కూర్చున్న ముసలమ్మ గొంతు అంత పైకి రాగలదా అని ఒక్కసారి ఆలోచించండి.