కైవారం మీదుగా సినిమాకు

బెంగుళూరులో మేము నలుగురం తెలుగు సినిమా చూడాలనుకొన్నాం. మల్టీప్లెక్సులో మనిషికి నాలుగు వందల పైచిలుకు! 2025 సెప్టెంబరులో కర్ణాటక ప్రభుత్వం, పన్ను కాక, టిక్కెట్టు 200 రూపాయలు దాటరాదని నియమం పెడితే సంబరపడ్డాం. ఆ నెలలోనే హైకోర్టు దాన్ని నిలిపివేసింది. గుమాస్తా సంబరానికి ఆయుష్షు అంతే.

మేము కాగితం మీద కూడికలు వేస్తూంటే అమ్మాయి వచ్చి చూచి, "నాకు సినిమా వద్దులే నాన్నా" అన్నది. నెల రోజులుగా దానికి ఆ సినిమా ధ్యాసే! ఆ మాట మాకు ముల్లులా గుచ్చుకొన్నది.

ఆదివారం తెల్లవారగానే చింతామణి బస్సెక్కాం. 2023 జూన్ నుంచి మా రాష్ట్రంలో ఆడవాళ్ళకు ప్రభుత్వపు మామూలు బస్సుల్లో ఛార్జీ లేదు గదా, మాకూ అబ్బాయికీ మాత్రమే డబ్బు పడ్డది. దారిలో కైవారం. అమరనారాయణస్వామిని సేవించుకొని, యోగి నారేయణ తాతయ్యగారి మఠానికి వెళ్ళాం. ఒకప్పుడు గాజులమ్మిన తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు పాడారు. మఠంలో అందరికీ ఉచితంగా భోజనం పెడతారు. మా యింటావిడ కట్టి తెచ్చిన పులిహోర అలాగే మిగిలింది.

మధ్యాహ్నం చింతామణిలో మాట్నీ. టిక్కెట్టు నూరు దాటలేదు. నూరు లోపైతే పన్ను నూటికి 5, దాటితే 18. కుర్చీలు కిర్రుమన్నాయి, ఉక్కపోసింది. అమ్మాయి మాత్రం కన్నార్పలేదు.

తిరుగు బస్సులో పులిహోర తిన్నాం. అమ్మాయి నిద్రపోయాక మళ్ళీ లెక్క చూచుకొని, కాగితం మడిచి జేబులో పెట్టుకొన్నాం.