గెడకు కట్టిన తోట

తోటను ఎవరైనా దొంగిలించగలరా? కాయలు కోసుకుపోవచ్చు, కంచె పెరికివేయవచ్చు. తోట ఎక్కడికి పోతుంది? శ్రీనగరంలోని దాల్ సరస్సు మీద సేద్యం చేసుకునే రైతుకు మాత్రం ఈ ప్రశ్న నవ్వు తెప్పించదు. అతని తోట నీటి మీద తేలుతుంది. లోతుగా దిగవేసిన విల్లో గెడలే దానికి సరిహద్దు రాళ్లు. రాత్రివేళ ఆ గెడలు పెరికి, పడవకు తాడు కట్టి లాగుకుపోతే, తెల్లవారేసరికి దోసపాదులతో సహా పొలమే మాయం! ఇది కట్టుకథ కాదు. 1895లో వెలువడిన ‘ది వ్యాలీ ఆఫ్ కాశ్మీర్’ గ్రంథంలో వాల్టర్ లారెన్స్ ఇటువంటి దొంగతనాలను పేర్కొన్నాడు.

ఈ తేలే తోటను కాశ్మీరీలు ‘రాద్’ అంటారు. సరస్సులో దట్టంగా పెరిగే జమ్ము వేళ్లు ఒకదానినొకటి పెనవేసుకొని చాపవలె అల్లుకుంటాయి. ఆ చాపను అడుగునుండి కోసి విడదీసి, పైనున్న ఆకులను నరికి, దానిమీద సరస్సులో తీసిన నాచును, ఒండ్రును చిన్నచిన్న కుప్పలుగా పోస్తారు. ఆ కుప్పలలో దోస, పుచ్చ, సొర, టమాటా నాటుతారు. 1822-23లో కాశ్మీరంలో గడిపిన విలియం మూర్‌క్రాఫ్ట్ వర్ణించిన పద్ధతి కూడా ఇంచుమించు ఇదే. నీరు పెట్టే శ్రమ లేదు. నీటిమట్టం పెరిగితే తోటా పైకి లేస్తుంది. వానకోసం ఆకాశం వైపు చూసే మెట్ట రైతు అసూయపడవలసిన భాగ్యమే! కాని ఏటేటా కొత్త నాచు వేస్తూ ఉండాలి. మరొకచోట కలుపు అని పారవేసేదే అక్కడ ఎరువు.

పంట అమ్మేదీ నీటి మీదనే. చీకటి విడవక మునుపే పడవలు ఒకదానినొకటి ఒరసుకుంటూ చేరుతాయి. బేరాలు పడవ నుండి పడవకు సాగుతాయి. ‘నద్రు’ అనే తామరతూడు, ‘హాక్’ అనే ఆకుకూర, ముల్లంగి చేతులు మారుతాయి. హౌస్‌బోట్లలోని యాత్రికులు నిద్రలేచేసరికి సంత ముగిసి ఉంటుంది.

ఇంతటి నేర్పుగల రైతు మీదనే ఒక నేరారోపణ ఉన్నది. ఏటేటా పోసిన మట్టి బరువుకు తేలే తోట క్రమంగా అడుగు తాకుతుంది. గట్టున విల్లో కొమ్మలు నాటితే అది స్థిరమైన నేల అవుతుంది. సరస్సు ఆ మేరకు తగ్గుతుంది. ఇది నిజం. నగరంలోని మురుగునీరు సరస్సులో కలిసి దానిని పాడు చేయడమూ నిజమే. అయితే నగరాన్ని లేచి పొమ్మని ఎవరూ అనలేరు. సరస్సులోని కుటుంబాలను ఒడ్డుకు తరలించే ప్రయత్నం మాత్రం దశాబ్దాలపాటు సాగింది. ఒడ్డున ఇంటిస్థలం దొరకవచ్చు. తాడు కట్టి ఎంత దూరమైనా లాగుకుపోగల తోట ఆ ఒడ్డు ఎక్కలేదు. నీటి సేద్యం తప్ప మరొకటి ఎరుగని మనిషి అక్కడ ఏమి చేయాలన్న ప్రశ్నకు ఇంటిస్థలం సమాధానం కాదు.

సంత ముగిసిన తరువాత రైతు హృదయాకారపు తెడ్డుతో ఖాళీ పడవను ఇంటివైపు నడుపుతాడు. పాదులను చూడబోయే ముందు ఒక్కొక్క గెడనూ చేత్తో కదిపి, గట్టిగా ఉన్నదో లేదో చూసుకుంటాడు.