జారిన పొర

ఫలాపేక్ష లేక కర్మ చేయాలన్న గీతోపదేశాన్ని బాల్యం నుండి వింటూనే ఉన్నాను. దాని అర్థం నాకు మొదటిసారి స్ఫురించినది ఏ ప్రవచన మండపంలోనూ కాదు. పాతికేళ్ళ క్రితం కరీంనగర్‌లోని ఒక కార్ల పెయింటింగ్ షెడ్డులో, నా చేతి దోషం వల్ల ఒక కారు తలుపు పాడైన ఉదయాన స్ఫురించింది.

అప్పటికి నేను ఉస్తాద్ వద్ద చేరి రెండు సంవత్సరాలు. లప్పం పెట్టడం, వాటర్ పేపరుతో రుద్దడం, ప్రైమరు కొట్టడం అభ్యసించాను. క్లియర్ కోట్ మాత్రం ఉస్తాద్ స్వహస్తాలతోనే కొట్టేవారు. రంగుకు రక్షణనూ కాంతినీ ప్రసాదించే ఆఖరి పారదర్శక లేపనమది. ఆరిన పిదప దాని మందం సుమారు 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కన్నా తక్కువ.

అది మార్గశిర మాసం, శనివారం. కారు యజమాని సోమవారం నాడు సకుటుంబంగా వేములవాడ రాజరాజేశ్వర స్వామి సన్నిధికి వెళ్ళి వాహన పూజ చేయించుకోవాలని సంకల్పించారు. అందుకోసమే ఆయన మాతృమూర్తి ఊరి నుండి వచ్చారు. ఉస్తాద్ ఆనాడు గన్ను నా చేతికిచ్చి, “ఈసారి నువ్వు కొట్టు” అన్నారు.

నేను చేసిన తప్పులు మూడు. వేసవిలో మిగిలిన, నెమ్మదిగా ఆరే థిన్నరును ఆ చలి ఉదయాన కలిపాను. మొదటి పొర తడి తగ్గకముందే రెండవ పొర ఎత్తుకున్నాను. తలుపు క్రింది భాగంలో మెరుపు చాలలేదనిపించి, గన్నును దగ్గరకు తెచ్చి, చేతివేగం తగ్గించి, మరొకమారు కొట్టాను. ఆ క్షణంలో అద్దం వలె తళతళలాడింది. నా హృదయం ఉప్పొంగింది. నిమిషం గడిచిందో లేదో, ఆ మెరుపు మధ్య నుండి ఒక ధార కన్నీరు వలె క్రిందికి జారింది. తుడుద్దామని బొటనవ్రేలు చాచాను.

“ముట్టకురా! ఇడిసిపెట్టు, ఆరనియ్యి” అని ఉస్తాద్ గద్దించారు.

నిలువు తలంపై తడి పొరను భూమ్యాకర్షణ నిరంతరం క్రిందికి లాగుతూనే ఉంటుంది. పొర మందం రెట్టింపైతే, జారే ద్రవ పరిమాణం రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. కనుక మెరుపు కోసం వేసిన ఆ ఒక్క అదనపు దెబ్బ స్వల్పమైనదిగా తోచినా, దాని పర్యవసానం స్వల్పం కాదు.

సాయంత్రం యజమాని తల్లిగారితో కలిసి వచ్చారు. ఉస్తాద్ నా పేరు ఎత్తకుండా, “తప్పు మాదే సార్. రేపు ఇయ్యలేం, బుధవారం తీస్కపోండ్రి” అన్నారు. ఆ వృద్ధురాలు తలుపును చూచి, నన్ను చూచి, ఏమీ అనలేదు. పత్తి ఏరే రోజులు కావడం చేత ఆమె ఎక్కువ దినాలు ఆగలేక ఊరికి తిరిగి వెళ్ళారు. మరుసటి సోమవారం పూజ జరిగింది. ఆమె లేరు.

మంగళవారం నాడు గట్టి చెక్కకు 1500 నంబరు వాటర్ పేపరు చుట్టి, చుట్టుప్రక్కల తగలకుండా జారిన గీతను మాత్రమే అరగదీశాను. పిదప 2000 నంబరుతో నునుపు చేసి, పాలిష్ పెట్టాను. జాడ లేకుండా పోయింది. ఆమె మౌనం మాత్రం నాలో నిలిచిపోయింది.

ఆ తరువాత ఉస్తాద్ క్రమం నేర్పారు. గన్ను తలానికి లంబంగా, 15 నుండి 20 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. మణికట్టు తిప్పరాదు, బాహువంతా సమవేగంతో సాగాలి. ప్రతి వరుస ముందటి వరుసలో సగాన్ని కప్పాలి. తలుపు అంచుకు ముందే ట్రిగ్గర్ నొక్కి, అంచు దాటాకే విడవాలి. మొదటి పొర పలుచగా వేసి, ఐదు నుండి పది నిమిషాలు, చలికాలంలో ఇంకా ఎక్కువసేపు ఆగాలి. ప్రక్కన అంటించిన టేపుపై వ్రేలు పెట్టినప్పుడు తీగ సాగితే మరికొంత వేచి ఉండాలి. హార్డెనర్‌లోని ఐసోసైనేట్ ఊపిరితిత్తులకు హానికరం గనుక తగిన మాస్కు తప్పనిసరి.

చివరగా, దీపాన్ని ప్రక్కగా నిలిపి, తడి పొరలో దాని ప్రతిబింబాన్ని చూస్తూ చేయి కదపమన్నారు. “మెరుపు సూడు బేటా, గని మెరుపుకు ఆశపడకు” అన్నారు.

ఫలాపేక్ష వద్దంటే ఫలం వైపు కన్నెత్తి చూడరాదని అంతవరకు భావించాను. అట్లయితే ఏ పనీ చక్కగా సాగదు. మెరుపును చూచేవాడికి ఎక్కడ చాలునో తెలుస్తుంది. ఆశపడేవాడికి ఆ “చాలు” వినబడదు. ఆనాడు నేను ఆ తలుపును చూడనే లేదు. ఉస్తాద్ మెచ్చుకోలును ముందే చూస్తున్నాను.

నేటికీ జపవేళ సంఖ్య త్వరగా పూర్తి చేయాలన్న ఆతురత కలిగితే ఆ తలుపు స్మరణకు వస్తుంది. అప్పుడు మాలను ప్రక్కన ఉంచి, కొంతసేపు ఊరక కూర్చుంటాను.