నాంపల్లి చూరా, మొజంజాహీ తొక్కలు

బయోచార్ అనే ఒక రకం బొగ్గు మీద రాయమని సంపాదకుడు చెప్పాక, ప్రయోగశాల కంటే ముందు బొగ్గు తెలిసిన మనిషిని చూడాలనిపించి నాంపల్లి స్టేషన్ రోడ్డుకు వెళ్లాను. సీకుల పొయ్యి పక్కన ఒక పెద్దాయన బొగ్గు జల్లిస్తున్నాడు. మణికట్టు దాకా నలుపెక్కిన చేతులు. గడ్డకు గడ్డను తాటించి చెవొగ్గుతాడు. ఖంగుమంటే పొయ్యిలోకి, మొద్దుగా మోగితే పక్కకు. అది సరిగా కాలని బొగ్గు, పొగ పెడుతుందట. జల్లెడ కింద రాలిన పొడిని మాత్రం మోరీలోకి ఊడ్చేశాడు.

"ఎందుకు పారేస్తున్నారు చాచా?"

"చూరా హై సాబ్, హవా బంద్ కర్‌దేతా." గాలాడక నిప్పు చచ్చిపోతుందని.

పొయ్యికి అక్కర్లేని అలాంటి పొడికి గాలి చొరని తొట్టిలో బోలెడు పని ఉంది. పండ్ల తొక్కలు, మిగిలిన అన్నం మేతగా వేస్తే క్లాస్ట్రీడియం జాతి బ్యాక్టీరియా హైడ్రోజన్ వదులుతుంది. ఎంత బాగా పులిసినా ఒక గ్లూకోజ్ అణువుకు 4 హైడ్రోజన్ అణువులే గరిష్ఠం. పైగా ఆమ్లాలు పేరుకుని పులుపు మితిమీరితే బ్యాక్టీరియా పని మానేస్తుంది. బయోచార్ కలిపితే అందులోని క్షారం పులుపును అదుపులో పెడుతుంది, సన్నని రంధ్రాలు సూక్ష్మజీవులకు ఇళ్లవుతాయి, గ్యాస్ త్వరగా మొదలవుతుంది. ఏ కట్టె, ఎంత వేడిలో కాలిందన్నదే కీలకం. చాచా చెవితో తేల్చేదీ దాదాపు అదే. ఆ చెవిని నేను ఊరికే మెచ్చుకోవడం లేదు, అది విద్య.

చెత్త నుంచి హైడ్రోజన్ తీయడంపై తార్నాకలోని భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో ఎస్. వెంకటమోహన్ బృందం ఏళ్ల తరబడి శ్రమించింది. 2014లో ఆయనకు భట్నాగర్ పురస్కారం వచ్చింది. బోయిన్‌పల్లి మార్కెట్లో అదే సంస్థ పరిజ్ఞానంతో కూరగాయల చెత్త బయోగ్యాస్‌గా, కరెంటుగా మారుతోంది. రోజుకు 10 టన్నుల చెత్త, 500 యూనిట్లు అని 2021లో దేశమంతా విన్నది. అది మీథేన్ దారి. హైడ్రోజన్‌కైనా మొదటి మెట్టు అదే: చెత్త శుభ్రంగా, విడిగా చేతికి రావాలి.

ఆ మొదటి మెట్టు దగ్గరే నాకు ఒళ్లు మండింది. ఆబిడ్స్ వైపు నడిచి, 1935 నాటి మొజంజాహీ మార్కెట్ దగ్గర ఆగాను. బొప్పాయి తొక్కలు, కుళ్లిన సపోటాలు, ప్లాస్టిక్ గ్లాసులు, స్ట్రాలు, అన్నీ ఒకే కుప్ప. రాతి గోడలకు మెరుగులు దిద్దుకున్నాం, దీపాలు పెట్టుకున్నాం, గోడ వెనక తొక్కకు ఒక డ్రమ్ము పెట్టలేకపోయాం. ప్లాస్టిక్ కలిసిన కుప్పను బయోచార్ బాగుచేయలేదు.

పండ్లు కోసే ఆమెను అడిగాను, వేరుగా వేయొచ్చు కదమ్మా అని.

"వేస్తిమి సార్, రెండు బుట్టలు పెట్టి. బండాయన వచ్చి రెండూ ఒక్కదాంట్లనే గుమ్మరిస్తడు. మల్లెందుకు వేరు చేయాలె?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఆమె కాదు, ప్రయోగశాలా కాదు.