పక్క మెట్లెక్కితే... మన గది!

కేరళలోని ఫోర్ట్ కోచిలో ఏ వీధిలోకెళ్లినా హోమ్‌స్టే బోర్డులే. కేంద్ర పర్యాటకశాఖ గుర్తింపు కావాలంటే ఇంటివాళ్లూ అక్కడే ఉండాలి. అతిథులకిచ్చే గదులు 6కు మించకూడదు. మరి అర్ధరాత్రి నెడుంబస్సేరిలో విమానం దిగి వచ్చినవాళ్లు హాల్లో నిద్రపోతున్న తాతగారిని దాటుకుంటూ వెళ్లాలా? అందుకే 'ప్రత్యేక ప్రవేశం' అన్న మాటకు అంత గిరాకీ!

ఎయిర్‌బీఎన్‌బీ లెక్కలో అంటే... వీధిలోంచో, భవనంలోకో వేరే దారి. గేటు ఉమ్మడిదైనా పక్కనుంచి మెట్లెక్కి నేరుగా గదికి చేరితే సరే. వంటింట్లోంచి వెళ్లాల్సిన పెరటిదారి ఆ లెక్కలోకి రాదు. గదికి విడిగా తాళం ఉన్నంత మాత్రాన సరిపోదు.

బుక్ చేసేముందు ఒక్కటే అడగండి- 'దారిలో మీ హాలు వస్తుందా?' అని. మన స్వేచ్ఛా, ఇంటివాళ్ల నిద్రా ఆ జవాబుమీదే ఆధారపడి ఉంటాయి మరి!