సుషుప్తిలో ఆగిన శ్వాస

నిద్రను గూర్చి మన వేదాంతం చేసినంత సూక్ష్మవిచారణ మరే దర్శనంలోనూ కనబడదని నా నమ్మకం. మాండూక్యోపనిషత్తు సుషుప్తిని ఆత్మ యొక్క తృతీయపాదంగా నిరూపించింది. బృహదారణ్యకంలో అజాతశత్రువు గార్గ్యబాలాకిని వెంటబెట్టుకొని ఒక నిద్రితుని వద్దకు వెళ్లి, పిలుపుకు లేవని వానిని చేతితో కదిపి లేపి, ఇంతవరకు ఈ విజ్ఞానమయ పురుషుడు ఎక్కడ ఉన్నాడని ప్రశ్నించాడు. ప్రశ్నోపనిషత్తులో గార్గ్యుడు పిప్పలాద మహర్షిని అడిగినదీ ఇటువంటిదే: ఈ దేహంలో నిద్రించేవి ఏవి, మేల్కొని ఉండేవి ఏవి? మహర్షి ఇచ్చిన సమాధానం యజ్ఞవిధి తెలిసినవారికి మరింత హృదయంగమం. ఇంద్రియాలు మనస్సులో ఏకమై నిద్రిస్తాయి, ఈ పురంలో ప్రాణాగ్నులు మాత్రం జాగరూకమై ఉంటాయి. అపానం గార్హపత్యాగ్ని, వ్యానం అన్వాహార్యపచనం, ప్రాణం ఆహవనీయం. ఉచ్ఛ్వాసనిశ్వాసలనే రెండు ఆహుతులను సమంగా నడిపే సమానవాయువుది హోత స్థానం. మనస్సు యజమానుడు.

ఈ భాగాన్ని పాఠశాలలో నేను ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను. అగ్ని ఆరలేదు, హోత ఉన్నాడు, కానీ ఆహుతి వెళ్లవలసిన మార్గం మూసుకొనిపోయినది. అప్పుడేమి? ఈ ప్రశ్న మూడేళ్ల క్రితం వరకు నాకు తట్టలేదు. నిద్రాపరీక్షా ఫలితం చేతికి వచ్చిననాడు తట్టింది. అందులో ఉన్న సంఖ్య 27. నిద్రలో గంటకు సగటున 27 పర్యాయాలు నా శ్వాస ఆగుతున్నది లేదా బాగా సన్నగిల్లుతున్నది అని దాని అర్థం. కనీసం 10 సెకన్లపాటు జరిగితేనే దానిని లెక్కలోనికి తీసుకుంటారు. గంటకు 5 లోపు ఉంటే పెద్దలకు దోషం లేదు, 15 దాటితే మధ్యమం, 30 దాటితే తీవ్రం. స్లీప్ ఆప్నియా అని వైద్యులు పిలిచే వ్యాధి ఇది.

నా దేహాన్ని చూసినవారెవరూ దీనిని నమ్మరు. నా బరువు 58 కిలోలు, ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు. ఏకభుక్తం, పక్షానికొక ఉపవాసం, చిన్ననాటినుండి త్రికాల సంధ్యావందనం, అందులో ప్రాణాయామం. అయినా మూడేళ్లపాటు ఉదయం లేచేసరికి తల బరువు, నోరు ఎండిపోవడం, మధ్యాహ్నం నైవేద్యం తరువాత కూర్చున్నచోటనే రెప్పలు వాలిపోవడం. ఉప్పు తగ్గించినా రక్తపోటు తగ్గలేదు. మొదట చూపించుకొన్న వైద్యుడు మా ఇంటావిడ చెప్పినది విని నవ్వారు. "శాస్త్రిగారూ, ఇది భారీకాయులకు వచ్చే జబ్బు. మీరు గాలివీస్తే ఎగిరిపోయేలా ఉన్నారు, బలానికి మందు రాస్తాను" అన్నారు.

ఆమె చెప్పినది చిన్న మాటే. "ఏమండీ, మీ ఊపిరి మధ్యమధ్య ఆగిపోతోందండీ. నేను లెక్కపెడుతున్నాను, ఒక్కోసారి ఇరవై అంకెలు దాటుతోంది. తరువాత ఎవరో పీక నొక్కి వదిలినట్లు ఉలిక్కిపడి పీలుస్తున్నారు." రోగనిర్ణయం మొత్తం ఈ వాక్యంలోనే ఉన్నది.

భారీకాయుడన్న ఈ భావచిత్రం ఎక్కడిదని ఆలోచిస్తే, మనకు కుంభకర్ణుడు. అతని నిశ్వాసవేగానికి లేపడానికి వచ్చిన రాక్షసులే నిలువలేకపోయారని యుద్ధకాండ వర్ణించింది. పాశ్చాత్యులకు డికెన్స్ అనే ఆంగ్లరచయిత 1836-37లో వెలువరించిన పిక్విక్ పేపర్స్ నవలలోని జో అనే లావుపాటి బాలుడు. నిలుచున్నచోటనే నిద్రపోయే ఆ పాత్రను పట్టుకొని 1956లో అమెరికా వైద్యులు స్థూలకాయంతో కూడిన అటువంటి స్థితికి ఆ నవల పేరే పెట్టారు. ఆ ముద్ర బలంగా పడిపోయినది. స్థూలకాయం ఈ వ్యాధికి ప్రబలమైన కారణం అన్నమాట సత్యమే. అయితే ఏకైక కారణమని ఎవరూ నిరూపించలేదు.

రెండవ వైద్యుడు శ్వాసకోశ నిపుణుడు. ఆయన బరువు అడగలేదు. నోరు తెరవమన్నారు, పక్కకు తిరిగి కూర్చోమన్నారు. "గురువుగారూ, మీ దవడ చిన్నది, గడ్డం వెనక్కు ఉన్నది. అంగుటి ఎత్తు, నోరు ఇరుకు. నాలుక వెనుక దారి కనబడడమే లేదు" అన్నారు. మేలుకొని ఉన్నంతసేపు కంఠంలోని కండరాలు ఆ మార్గాన్ని తెరచి ఉంచుతాయట. నిద్రలో అవి సడలుతాయి. వెల్లకిల పడుకొంటే నాలుక వెనక్కు జారుతుంది. కొవ్వు చేరి ఇరుకైనా, ఎముక నిర్మాణం చేత ఇరుకైనా మార్గం మూసుకొనిపోవడం ఒక్కటే. రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది, మెదడు క్షణకాలం మేల్కొల్పుతుంది, కండరాలు బిగిసి శ్వాస తిరిగి సాగుతుంది. నిద్రించేవానికి ఈ మేల్కొనడం జ్ఞాపకం ఉండదు. ఆసియావాసులలో ముఖాస్థి నిర్మాణం వలన అంత బరువు లేనివారికీ ఈ వ్యాధి రావడం వైద్యులకు తెలిసిన విషయమే. ఆయన ఒక ప్రశ్నావళి చూపారు. అందులో ప్రశ్నలు 8: గురక, పగటి అలసట, శ్వాస ఆగడం ఇతరులు చూచుట, రక్తపోటు, స్థూలత్వం, 50 దాటిన వయస్సు, 40 సెంటీమీటర్లు మించిన మెడ, పురుషుడా కాదా అన్నది. స్థూలదేహానికి సంబంధించినవి రెండే. లోకం ఆ రెంటినే చూస్తున్నది.

ఒక సాధకుడు నన్ను సూటిగా అడిగాడు: "కుంభకం అభ్యసించినవారికి శ్వాస ఆగడం వ్యాధి ఎలా అవుతుందండీ? అది యోగసిద్ధి కాకూడదా?" ఈ భ్రాంతి ఇంకెందరికైనా ఉండవచ్చు. కుంభకంలో మార్గం తెరచి ఉంటుంది, సాధకుడు సంకల్పంతో నిలుపుతాడు, చిత్తం ప్రశాంతమవుతుంది. ఇక్కడ శ్వాస కొరకు ఎదరొమ్ము, ఉదరం పెనుగులాడుతుంటాయి, ద్వారం మూసి ఉంటుంది, గుండెపై భారం పడుతుంది. పీక నులమబడుతున్నవానిని చూసి కుంభకం చేస్తున్నాడని ఎవరైనా అంటారా?

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ప్రమాణ విషయం. నిద్రనుండి లేచినవాడు "సుఖంగా నిద్రించాను, ఏమీ ఎరుగను" అని స్మరిస్తాడు గనుక సుషుప్తిలో సాక్షిచైతన్యం ఉన్నదని మన ఆచార్యులు సాధించారు. ఆ సిద్ధాంతానికి ఇక్కడ హాని ఏమీ లేదు. కానీ దేహం రాత్రి ఎలా గడిపినదన్న విషయంలో నిద్రితుని మాట చాలదు. ఏమీ ఎరుగని వానిని ఎలా ఉన్నదని అడిగి ప్రయోజనం ఏమున్నది? పక్కన మేల్కొని ఉన్నవారి మాట ప్రమాణం, లేదా యంత్రం రాసిన గీత. స్వయంగా రోగి గుర్తించగలిగినది ఒకటి ఉన్నది. యోగసూత్ర వ్యాసభాష్యం నిద్రావృత్తిని వివరిస్తూ, లేచిన తరువాతి స్మృతిని మూడు విధాలుగా చెప్పింది: మనస్సు ప్రసన్నంగా ఉండడం, చంచలంగా తిరుగుతూ ఉండడం, అవయవాలు బరువెక్కి చిత్తం మందగించి దొంగిలింపబడినట్లు ఉండడం. ఏడెనిమిది గంటలు పడుకొని లేచినా నెలల తరబడి ఈ మూడవ స్థితే కలుగుతుంటే, దానికి వెంటనే తమోగుణం అని పేరు పెట్టవద్దని నా మనవి. గీతలో భగవానుడు తమస్సును ప్రమాద, ఆలస్య, నిద్రలతో ముడిపెట్టినది గుణవిచారణకు. దానిని ఆధారం చేసుకొని రోగిని నిందించడం శాస్త్రమర్యాద అనిపించుకోదు.

మా పాఠశాలలో తొమ్మిదేళ్ల విద్యార్థి ఒకడున్నాడు. మేధావి, సన్నటి పిల్లవాడు. సంత చెప్పుకొనేటప్పుడు చికాకు, కుదురులేనితనం, మరుక్షణం కునుకు. నోటితోనే శ్వాస. మందబుద్ధి అని, ఇంటికి పంపివేయాలని నిర్వాహకులు నిశ్చయించారు. వాని తండ్రి గ్రామదేవాలయ అర్చకుడు. ఆ ఇంటికి ఈ పిల్లవాని అధ్యయనం తప్ప వేరే ఆశ లేదు. నేను ఒక నెల గడువు అడిగి, చెవి ముక్కు గొంతు వైద్యునికి చూపించాను. గొంతులోని టాన్సిల్స్, ముక్కు వెనుక ఎడినాయిడ్స్ రెండూ పెరిగి దారిని మూసివేశాయి. పిల్లలలో ఈ వ్యాధికి ప్రధాన కారణం అదే. పగటినిద్ర కంటె చాంచల్యమే వారిలో ఎక్కువగా కనబడుతుంది గనుక అల్లరిగా పొరబడతారు. శస్త్రచికిత్స జరిగినది. ఇప్పుడు వాడు ఒకసారి సంత చెబితే స్వరంతో సహా పట్టుకొంటున్నాడు.

నాకు ఇచ్చినది సీపాప్ యంత్రం. ముక్కుపై తొడుగు, దానిలోనికి సన్నని ఒత్తిడితో గాలి. ఆ ఒత్తిడే కంఠమార్గాన్ని తెరచి ఉంచుతుంది. ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివన్ 1981లో ఈ పద్ధతిని ప్రకటించారు. మడి సంగతి కొందరు అడిగారు. నిద్ర ఎలాగూ మడిలో లేదు, లేచి తొడుగు కడిగి స్నానం చేసి మడి కట్టుకొంటాను. కళ్లద్దాలకు లేని దోషం దీనికి ఎందుకు? నిజమైన కష్టం వేరే ఉన్నది: గోదావరి ఒడ్డున తుపాను వస్తే మాకు రెండు రోజులు కరెంటు ఉండదు. ఆ రాత్రులు వీపు వెనుక దిండు పెట్టుకొని పక్కకు తిరిగి పడుకొంటాను. కొంత నయం. రక్తపోటు మందు మోతాదు తగ్గింది.

శంఖం ఊదితే ఈ వ్యాధి పోతుందట గదా అని ఒక భక్తుడు సంతోషంగా వార్త పంపాడు. జైపూర్ వైద్యులు 30 మంది రోగులపై చేసిన పరీక్ష అది, 2025లో ప్రచురితమైనది. వారానికి ఐదురోజులు, రోజుకు 15 నిమిషాలకు తక్కువ కాకుండా, ఆరు నెలలు ఊదినవారికి మేలు జరిగినది. నేను ముప్ఫై ఏళ్లుగా ఊదుతున్నాను, అయితే హారతివేళ మూడు ఊదులే. కనుక శంఖాన్ని గూర్చి నా దేహం ఏమీ నిరూపించడం లేదు. అభ్యసించదలచినవారు అభ్యసించండి, యంత్రాన్ని మాత్రం వైద్యుని అడగకుండా తీసివేయకండి.

ఇక మా ఇంటావిడ. నా గురక వలననే ఆమెకు నిద్ర లేదని అందరం అనుకొన్నాము. నా గురక ఆగి రెండేళ్లు దాటినా ఆమె నిద్ర కుదుటపడలేదు. రాత్రి మూడు నాలుగుసార్లు మెలకువ, ఉదయం తలనొప్పి, దిగులు. వయస్సు 53. బహిష్టు నిలిచిన తరువాత స్త్రీలలో ఈ వ్యాధి పెరుగుతుంది. గురక కంటె నిద్రలేమి, శిరోవేదన, నిస్త్రాణ ఎక్కువగా చెప్పుకొంటారు గనుక నిద్రమాత్ర ఇచ్చి పంపుతారు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో 30 నుండి 60 ఏళ్ల ఉద్యోగులను పరీక్షించి 1993లో ప్రకటించిన లెక్కలో గంటకు 5 అంతకు మించి శ్వాస ఆగేవారు పురుషులలో 24 శాతం, స్త్రీలలో 9 శాతం. ఆసుపత్రికి వచ్చే స్త్రీలు అంతకంటె ఎంతో తక్కువ.

"నాకు గురక లేదు కదండీ, మీ జబ్బు నాకెందుకు అంటగడతారు" అని ఆమె వాదన. నా శ్వాసను లెక్కించడానికి ఆమె ఉన్నది, ఆమె శ్వాసను లెక్కించడానికి నేను మేల్కొని ఉండడం లేదు. కార్తికమాసం పూర్తి కాగానే పరీక్షకు వస్తానన్నది.